ఖరీదైన వైరు కొంటే ఫోను త్వరగా చార్జ్ అవుతుందా?

హాస్టల్ గదిలో ప్లగ్గులు రెండు, ఫోన్లు పది. ఇది మనందరికీ తెలిసిన లెక్కే. ఈపాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఓటీపీ రావాలన్నా, పరీక్ష ఫలితాలు చూడాలన్నా, ఇంట్లో అమ్మతో మాట్లాడాలన్నా ఫోనులో చార్జింగ్ ఉండాలి. అందుకే దుకాణంలో "ఈ స్పెషల్ వైరు వేస్తే డబుల్ స్పీడ్" అనగానే మన చేయి జేబులోకి పోతుంది. ఆ జేబులో ఉండేది నెల ఖర్చులకు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బు. కాబట్టి ఆ మాటలో నిజమెంతో ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఓమ్ సూత్రంతోనే తేల్చుకుందాం.

కాలువ వెడల్పైతే నీళ్లు పెరుగుతాయా?

ఆత్మకూర్ ప్రాంతంవాళ్లకు జూరాల ఎడమ కాలువ తెలిసిందే. తూము ఎన్ని నీళ్లు వదిలితే కాలువలో అన్నే పారుతాయి. కాలువను ఎంత వెడల్పు చేసినా తూము వదలని నీళ్లు రావు. కాని కాలువ ఇరుకై, పూడిక నిండితే వదిలిన నీళ్లు కూడా చివరి చేనుకు అందవు.

చార్జింగ్ వైరు సంగతీ అంతే. చార్జర్ తూము, వైరు కాలువ, ఫోను చేను. ఎంత కరెంటు తీసుకోవాలో ఫోను లోపలి చిప్పే నిర్ణయిస్తుంది. ఈ మూడింటిలో దేని సామర్థ్యం తక్కువో దాని ప్రకారమే చార్జింగ్ నడుస్తుంది. చార్జర్ 10 వాట్లది, ఫోను 33 వాట్లు తీసుకోగలది అయితే, మధ్యలో 100 వాట్ల వైరు పెట్టినా వచ్చేది 10 వాట్లే.

సన్న వైరు చేసే నష్టం

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా సన్న వైరు దూరం లాగితే మోటారు సరిగా ఎత్తుకోదని పాలమూరు, నల్లగొండ రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. ఫోను వైరులోనూ అదే జరుగుతుంది.

అమెరికన్ కొలతలో 28 గేజీ రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓముల నిరోధం ఉంటుంది. కరెంటు పోవడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ కావాలి కనుక మొత్తం 0.42 ఓములు. 2 ఆంపియర్లు పారితే 0.84 వోల్టులు వైరులోనే పోతాయి. చార్జర్ ఇచ్చిన 5 వోల్టులలో ఫోనుకు చేరేది 4.16 మాత్రమే. అదే 24 గేజీ తీగ అయితే (గేజీ నంబరు తగ్గితే తీగ లావవుతుంది) పోయేది సుమారు 0.34 వోల్టు. వోల్టేజీ బాగా పడిపోతే ఫోను తీసుకునే కరెంటును తగ్గించుకుంటుంది. వైరు పొడవు రెట్టింపయితే నష్టమూ రెట్టింపే.

అంటే మంచి వైరు వేగాన్ని పెంచదు, రావలసిన వేగం పోకుండా చూస్తుంది. పాత సన్న వైరు తీసి కొత్తది పెట్టినప్పుడు "డబుల్ స్పీడ్" అనిపించడానికి కారణం ఇదే.

ఫాస్ట్ చార్జింగ్ కిటుకు

వాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించగా వచ్చేది. 9 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు పంపితే 18 వాట్లు. కరెంటు పెరగలేదు కనుక వైరులో నష్టమూ పెరగలేదు. జూరాలలో తయారైన విద్యుత్తును వోల్టేజీ పెంచి దూరప్రాంతాలకు పంపడంలో ఉన్న సూత్రం కూడా ఇదే.

అయితే వోల్టేజీ పెంచే ముందు చార్జర్, ఫోను వైరు ద్వారా ఒక మాట అనుకోవాలి. అందుకు వైరులో వేరే సన్నని తీగలుంటాయి. కొన్ని చవక వైర్లలో ఇవి ఉండవు. అప్పుడు ఫాస్ట్ చార్జర్ కూడా మామూలు చార్జరైపోతుంది.

2014లో వచ్చిన టైప్-సి పద్ధతిలో రెండు వైపులా టైప్-సి పిన్ను ఉన్న మామూలు వైరు 3 ఆంపియర్లు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు మోస్తుంది. 5 ఆంపియర్లు కావాలంటే వైరులోనే ఒక చిన్న చిప్ ఉండాలి. 2021లో ఈ పద్ధతిని 240 వాట్ల వరకు పెంచారు.

స్పెషల్ వైరు నిజంగా అవసరమయ్యే సందర్భం కూడా ఉంది. 2014లో ఒప్పో తెచ్చిన వూక్ పద్ధతి వోల్టేజీని 5 దగ్గరే ఉంచి కరెంటును 4 ఆంపియర్లు దాటించింది. దానికి దాని లావు వైరే కావాలి, మామూలు వైరుతో ఆ వేగం రాదు. అందుకే పెట్టెలో ఫోనుతోపాటు వచ్చిన వైరును జాగ్రత్తగా దాచుకోవాలి.

కొనే ముందు ఇలా పరీక్షించండి

1. చార్జర్ మీద "అవుట్‌పుట్" అని రాసిన అంకెలు చదవండి. అది 5 వోల్టులు, 2 ఆంపియర్లదే అయితే ఎంత ఖరీదైన వైరైనా 10 వాట్లు దాటదు.
2. ఫోను స్విచాఫ్ చేసి, అదే చార్జర్‌తో 20 నుంచి 50 శాతం వరకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మరోరోజు స్నేహితుని వైరుతో మళ్లీ చూడండి. వైరు తప్ప ఇంకేదీ మార్చకూడదు. తేడా పెద్దగా లేకపోతే మీ వైరు మంచిదే, డబ్బు మిగిలినట్టే.
3. అవసరానికి మించి పొడవైన వైరు కొనవద్దు.
4. పిన్ను దగ్గర బాగా వేడెక్కినా, తొడుగు చీలి తీగ కనిపించినా ఆ వైరు పారేయండి. చార్జింగ్‌లో ఉన్న ఫోనును దిండు కింద పెట్టవద్దు.

చివరగా గదిలో అందరికీ పనికొచ్చే మాట. బ్యాటరీ నిండేకొద్దీ ఫోను కరెంటును తగ్గించుకుంటుంది. చివరి 20 శాతం నెమ్మదిగా ఎక్కడానికి కారణం అదే, దానిని ఏ వైరూ మార్చలేదు. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 80 శాతం దాటగానే మన ఫోను తీసి పక్కవాళ్లకు ప్లగ్గు ఇద్దాం. ఒక రాత్రిలో ఎక్కువ ఫోన్లకు చార్జింగ్ ఎక్కాలంటే పైసా ఖర్చు లేని మార్గం అదే.