కరెంటు పోయినా కంగారొద్దు!

తెనాలి, నగరం, రేపల్లె, బాపట్ల... ఈ డెల్టా ఊళ్లకు గాలివాన కొత్తకాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఈదురుగాలి మొదలైతే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. సరిగ్గా అప్పుడే ఇంట్లో కంప్యూటరుకు లినక్స్ కొత్త వెర్షన్ ఎక్కిస్తుంటే? పాతదీ కాక, కొత్తదీ కాక రెంటికీ చెడ్డ రేవడి అయిపోదూ!

ఆ భయంతో పాత వెర్షన్‌తోనే నెట్టుకొచ్చేవాళ్లున్నారు. అయితే గడువు తీరిన వెర్షన్‌కు భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు ఆగిపోతాయి. బ్యాంకు లావాదేవీలు చేసేదేమో అదే కంప్యూటర్లో!

డెబియన్ లినక్స్‌నే తీసుకోండి. 1993లో పుట్టిన ఈ ఉచిత వ్యవస్థ వెర్షన్లకు 'టాయ్ స్టోరీ' సినిమాలోని బొమ్మల పేర్లు పెడతారు. 2023 జూన్‌లో వచ్చిన 12వది బుక్‌వర్మ్. 2025 ఆగస్టు 9న వచ్చిన 13వది ట్రిక్సీ. బొమ్మల పేర్లని చులకన చేయకండి, ఎన్నో సర్వర్లు నడిచేది వీటిమీదే. మధ్యలో ఒకదాన్ని ఎగరగొట్టి పైదానికి వెళ్లడం మాత్రం కుదరదు. 11లో ఉన్నవాళ్లు 12 ఎక్కించాకే 13కి రావాలి.

ముందుగా టెర్మినల్ తెరిచి 'యూనేమ్ -ఎం' అని కొట్టండి. 'ఐ686' అని వస్తే అది 32 బిట్ వ్యవస్థ. ట్రిక్సీలో దానికి కెర్నెల్ లేదు, అక్కడే ఆగిపోవాలి. '64' కనిపిస్తే ఫొటోలు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని రంగంలోకి దిగొచ్చు.

సోర్సెస్ లిస్ట్ ఫైల్లో 'బుక్‌వర్మ్' అన్నచోటల్లా 'ట్రిక్సీ' అని మార్చి, 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొట్టాలి. ఇక డెల్టావాసులకు పనికొచ్చే కిటుకు... 'సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్ --డౌన్‌లోడ్-ఓన్లీ'. ఇది ప్యాకేజీలను దించి దాస్తుందంతే, వ్యవస్థను ముట్టుకోదు. ఈలోగా కరెంటు పోతే పోనివ్వండి, పూర్తిగా దిగినవి ఎక్కడికీ పోవు. వాతావరణం తెరిపిచ్చిన రోజున ముందు 'ఆప్ట్ అప్‌గ్రేడ్', ఆ తర్వాత 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్' కానివ్వాలి, రెంటికీ ముందు 'సుడో' తగిలించి. మీరు మార్చుకున్న సెట్టింగుల ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా అని మధ్యలో అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కితే మీదే ఉంటుంది.

ఇంత చేసినా సగంలో కరెంటు పోయిందా? వచ్చాక కంప్యూటర్ ఆన్ చేయండి. బొమ్మల తెర రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే చాలాసార్లు నల్లతెర వస్తుంది. అందులో లాగిన్ అయి 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' కొడితే సగంలో ఆగిన ప్యాకేజీల అమరిక మళ్లీ మొదలవుతుంది. తర్వాత 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్'. అది ముగిశాక ఫుల్-అప్‌గ్రేడ్ మరోసారి. ల్యాప్‌టాప్ అయితే ఈ తంటా చాలావరకు ఉండదు, బ్యాటరీ ఆదుకుంటుంది.