పలక తుడుచుటకు ముందు

చిన్ననాట పలక తుడుచుట ఎంత తేలిక! ఆకుపసరో, తడిగుడ్డయో, ఏదియు దొరకనప్పుడు అరచేయియో చాలును. ఒత్తులు తప్పిన పదములు, లెక్కలోని పొరపాటులు, వానితోపాటు పంతులుగారి కోపము కూడ ఒక్క తుడుపుతో మాయమయ్యెడివి. ఇంటిలోని కంప్యూటరును తుడిచి మరల మొదటినుండి సిద్ధపరచుటయు అట్టి పనియేయని నేను భావించితిని. పలకకును దానికిని గల భేదము 2026 సంక్రాంతి సెలవులలో నాకు తెలిసివచ్చినది. ఆ తెలివిడికి చెల్లించిన మూల్యము స్వల్పము కాదు గనుక నలుగురితో చెప్పదలచితిని.

మా యంత్రము 2012లో కొన్నది. దానిని నడిపించుచుండిన విండోస్ 10 అను వ్యవస్థకు సామాన్యముగా అందు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. దాని తరువాతిదగు విండోస్ 11 పాత యంత్రములను అంగీకరింపదు, టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము ఉండితీరవలెనను నియమము కలదు. మా దానిలో అది లేదు. బండి బాగుగనే యున్నది. తోలువాడే సెలవు పుచ్చుకొన్నాడు. నా పూర్వవిద్యార్థి యొకడు వచ్చి చూచి, "దీన్ని పారేయనక్కరలేదు మాస్టారూ. అంతా తుడిచి లినక్స్ వేద్దాం" అన్నాడు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ప్రారంభింపగా, దేశదేశములవారు చేయివేసి పెంచినది లినక్స్. వెల లేకుండ లభించును.

పని సులభముగనే జరిగినది. కొత్త వ్యవస్థను ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, యంత్రమును దానినుండి మేల్కొలిపితిమి. భాష యేది, ఊరేది, పేరేది అని అడిగిన పిమ్మట, డిస్కునంతటిని చెరిపివేయవచ్చునా యని అది ప్రశ్నించినది. నా వ్రాతలున్న అరనంతటిని అంతకుముందే వేరొక డిస్కునకు ఎత్తియుంచితిని. ధైర్యముగా మీట నొక్కితిని. అరగంటలో కొత్త తెర వెలిగినది.

ఆ వ్రాతలలో నాకు ప్రాణప్రదమైనది ఒకటి కలదు. 2003, 2004 సంవత్సరములలో మా అమ్మ పాడుచుండగా నేను వ్రాసికొని, తరువాత టైపు చేసిన పాటలవి. తిరుగలి పాటలు, దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు, అన్నియు నూటికి పైబడినవి. 2011లో అమ్మ గతించినది. పెన్సిలుతో వ్రాసికొన్న నోటు పుస్తకములను చెదలు తినివేసినవి. ఇక మిగిలినది ఆ ఫైలు ఒక్కటే. దానిని తెరచి చూచితిని. ఒక్క తెలుగక్షరము లేదు. ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, కుండలీకరణములు, చుక్కలు పుటనిండ చల్లినట్లు పడియున్నవి.

జరిగినదేమి? ఆ రోజులలో మా ఊరి అచ్చుకూటములవారు వాడుచుండిన ఒక ఫాంటుతో నేను టైపు చేసితిని. అట్టి పాత ఫాంట్లలో తెలుగక్షరమునకు తనదియని చెప్పుకొన స్థానము లేదు. ఫైలులో నిలుచునవి ఇంగ్లీషు అక్షరములకు, గుర్తులకు చెందిన సంఖ్యలే. వానికి తెలుగు రూపము తొడుగుట ఫాంటు చేయు పని. వీథి భాగవతములో సత్యభామ వేషము కట్టినవాడు తెరవెనుకకు పోయి జడ విప్పివేసిన పిమ్మట సత్యభామ యెక్కడ? నేను ఫైలును దాచితినే గాని ఫాంటును దాచలేదు. అది నా వ్రాతల అరలో గాక, విండోస్ తన ఫాంట్లను ఉంచుకొను అరలో నుండెను, విండోస్‌తోపాటే తుడిచిపెట్టుకొనిపోయినది.

ఇప్పటి యూనికోడు పద్ధతి ఇట్టిది కాదు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినది. 3072 మొదలు 3199 వరకు గల 128 స్థానములు మనవి. 'అ' సంఖ్య 3077. 'క' సంఖ్య 3093. ఆ సంఖ్యలను ఎరిగిన ఏ యంత్రమునకైనను, ఏ ఫాంటునకైనను 3093 అనిన 'క'యే. ఫాంటు మారినచో అందము మారును గాని అక్షరము మారదు.

నా ముఖము చూచి శిష్యుడు, "తుడిచినంత మాత్రాన అన్నీ పోవు మాస్టారూ" అని, పోయిన ఫైళ్ళను వెదకు సాధనమొకటి నడిపినాడు. వినుటకిది వింతగా తోచవచ్చును. హాజరుపట్టీలో పేరు కొట్టివేసినంతమాత్రమున పిల్లవాడు తరగతిలోనుండి లేచిపోవునా? సామాన్యముగా డిస్కులో ఫైలును తొలగించుటయు అట్టిదే. పట్టికలో పేరు పోవును. ఆ స్థలము ఖాళీయని గుర్తు పడును. వ్రాత మాత్రము, వేరొకటి వచ్చి దానిపై కూర్చుండువరకు, అక్కడనే యుండును. అయితే మా దురదృష్టము, పాత ఫాంటు ఉన్న చోటనే కొత్త వ్యవస్థ వచ్చి కూర్చున్నది. ఫాంటు దొరకలేదు.

దొరకినది వేరొకటి. 2019లో ఇంటి వాటాల విషయమై మా తమ్మునికి కోపముతో వ్రాసి, సిగ్గుపడి, పంపకుండగనే తొలగించిన ఉత్తరము. అది యూనికోడులో వ్రాసినదగుటచే ఒక్క ఒత్తయినను చెడలేదు. శిష్యుడు చూపు ప్రక్కకు త్రిప్పుకొన్నాడు. అమ్మ పాట చదువరాక పడియున్నది. నా దుర్భాష మాత్రము అక్షరాక్షరము నిలిచియున్నది. పోవలెననుకొన్నది పోలేదు, ఉన్నదనుకొన్నది లేదు.

ఇది నా యొక్కని అనుభవము కాదు. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనువారు, ఇతరులు వాడి అమ్మివేసిన డిస్కులను 158 కొని పరీక్షించి, 2003లో ఫలితములు ప్రకటించిరి. పనిచేసిన 129 డిస్కులలో సరిగా శుభ్రపరచినవి 12 మాత్రమే. తక్కినవానిలో క్రెడిట్ కార్డుల సంఖ్యలు, వైద్యమునకు సంబంధించిన సమాచారము మొదలగునవి బయటపడినవి. పాత కంప్యూటర్లను అమ్మదలచిన పాఠశాలలవారు ఈ మాట గమనింపవలెను. పిల్లల మార్కులు, చిరునామాలు వానిలో నుండును. తిరుగు పళ్ళెములు గల పాత డిస్కుపై ఆద్యంతము సున్నలు వ్రాయించిన చాలును. ఎస్.ఎస్.డి. యనబడు కొత్తరకము డిస్కు వ్రాతను లోలోపల తావులు మార్చుచుండును గనుక, దానిని చెరుపుటకు తయారీదారులు ఏర్పరచిన ఆజ్ఞనే వాడవలెను.

ఫాంటు చివరకు మా ఊరి బస్టాండు దగ్గర దొరకినది. డి.టి.పి. పనులు చేయు ఒకాయన పాత యంత్రమొకటి ఇంకను ఉంచుకొన్నాడు. అమ్మ పాటలు ఆ తెరపై తెలుగు వేషముతో నిలిచినపుడు నా కన్నులు చెమర్చినవి. అయితే ఆయన వద్దనున్నది ఆ ఫాంటుయొక్క తరువాతి కూర్పు. కొన్ని ఒత్తుల స్థానములు మారినవి. కొన్ని పదములు గుర్తింపరాకున్నవి. యూనికోడులోనికి మార్చించిన పిమ్మట సరిచూచుటకు మూలము లేదు. అమ్మ పాటలు విన్నవారి జ్ఞాపకమే మూలము.

తమ్మునికి ఫోను చేసితిని. ఆరేండ్ల తరువాత నేనుగా చేసిన ఫోను. సంగతి చెప్పి ఒక చరణము చదివితిని. కొంతసేపు మాట లేదు. తరువాత, "అట్లా కాదన్నయ్యా, అమ్మ ఇట్లా అనేది" అని ఫోనులోనే పాడినాడు. ఆదివారమున కొన్ని చొప్పున ఇప్పటికి అరువది పాటలు సరిచూచితిమి. నాలుగైదు పంక్తులు ఇద్దరికిని గుర్తురాలేదు. వానిని ఖాళీగనే ఉంచితిమి. నా వ్రాతలను మరల వేరొక చోటికి ఎత్తి, తెరచి చదివి చూచుకొని, ఆ ఉత్తరమున్న డిస్కుపై మొదటినుండి తుదివరకు సున్నలు వ్రాయించి, వ్యవస్థను రెండవసారి వేసితిమి. సున్నలు వ్రాయుటకే రెండు గంటలు పట్టినది. కోపమును తుడుచుటకు అంత కాలము పట్టుట న్యాయమే.

తాళపత్రముల నాటివారికి ఈ ధర్మము తెలియును. సి.పి. బ్రౌను దొర ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. ప్రతి వ్రాయుట పనిలో సగము. మూలము చేతనుండగనే సరిచూచుట మిగిలిన సగము. నేను మొదటి సగము చేసి పని ముగిసినదనుకొంటిని.

కనుక, విద్యార్థులారా, కంప్యూటరును తుడువదలచినపుడు వ్రాతలను రెండు చోట్ల దాచుడు. పాత ఫాంట్లలోనున్న తెలుగును ముందే యూనికోడులోనికి మార్చుకొనుడు. దాచిన ప్రతిని వేరొక యంత్రముపై తెరచి చూడుడు. తెరచుకొన్న చాలదు, చదువుడు. మీ ఇండ్లలోని పెద్దల మాటలు ఏ డిస్కులోనైన నున్నచో వానిని మరికొంత శ్రద్ధతో చదువుడు. మీట నొక్కుటకు తొందర లేదు. పలక ఎక్కడికిని పోదు.