కొండనిప్పునకు కాపు

ఫాల్గుణము వచ్చునప్పటికి అనంతపురము సీమలోని కొండలు పసుపువన్నె తాల్చును. నిలువున ఎండిన గడ్డి కాలు మోపినంతనే గలగలలాడును. ఆర్పక పాఱవేసిన చుట్టపీక యొక్కటి చాలును. తెల్లవాఱునప్పటికి కొండ నల్లబడును. రాత్రివేళ దూరమునుండి చూచువారికి ఆ మంటలు దీపాల వరుసవలె ముచ్చట గొల్పవచ్చును. మఱునాడు పశువునకు గడ్డిపరక లేని యిల్లాలికి అందు ముచ్చట యేమున్నది?

ఏటికి ఇంచుమించు 55 సెంటీమీటర్ల వానతో కాలము గడుపు సీమ యిది. అందు చెన్నేకొత్తపల్లి చేరువ కొండలపై కల్పవల్లి యను వనము కలదు. 1990లో ఏర్పడిన టింబక్టు కలెక్టివ్ అను సంస్థ, చుట్టుపట్ల గ్రామములవారితో కలసి, బోడిపడిన ప్రభుత్వపు బంజరును ఆ దశాబ్దిలోనే కాపాడ మొదలిడెను. వారు నాటిన వానికంటె, నేలలో దాగియున్న వేళ్లనుండి తమంత తాము లేచిన చెట్లే మెండు. నేడక్కడ వేలకొలది యెకరములలో పచ్చదనము పెరిగినది. బోదగడ్డి యింటికప్పునకును, ఈతాకు చీపురులకును వచ్చును.

అయితే పెంచుటకంటె కాచుట కష్టము. గడ్డి పెరిగినకొలది నిప్పునకు మేత పెరుగును గదా! అందుచే వేసవికి ముందే కొండవాలున గడ్డిని తీసివేసి, బాటవలె నేల బయటపడునట్లు చేయుదురు. మంట అచటి వఱకు వచ్చి, తినుటకేమియు లేక ఆగవలెను. ఎండలు ముదిరిన పిమ్మట పొగకై కావలి కాయుదురు. పొగ కనబడినచో పచ్చికొమ్మలతో పరుగిడి, అంచులనుండి కొట్టుచు ఆర్పవలసినదే. ఆ వాలులకు నీరు మోయుట యెవరి తరము?

నిప్పు పెట్టువారిలో కాపరులును కలరు. పాతగడ్డి కాలినచో తొలివానకు లేతపరక వచ్చునని వారి నమ్మకము. అది వట్టి మూఢత్వమని మేమనజాలము; పరక నిజముగనే వచ్చును. కాని పెట్టిన నిప్పు చెప్పిన మాట వినునా?

విననేరదని శాస్త్రజ్ఞుల పొరుగునను ఋజువైనది. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున, అణుబాంబు నిర్మాణమునకై 1943లో స్థాపించిన లాస్ ఆలమోస్ పరిశోధనాలయము కలదు. మెట్టపై పైన్ చెట్ల నడుమ వేలాది జనము పనిచేయు చోటది. 2000 మే నెలలో పొరుగునున్న జాతీయవనపు ఉద్యోగులు, ఎండుతుప్పలను తగ్గింపనెంచి తామే నిప్పంటించిరి. గాలి దానిని వారి చేతినుండి లాగుకొనెను. సుమారు 400 కుటుంబములు ఇండ్లు కోల్పోయినవి, పరిశోధనాలయము మూతవడెను. పిమ్మట అచటివారు చెట్లను పలుచన చేసి, నిప్పుదారులకు అడ్డుకట్టలు వేసికొనిరి. 2011 జూనులో విద్యుత్తు తీగపై చెట్టు కూలి పుట్టిన మంట, మునుపటికంటె మూడింతల నేలను కాల్చి గుమ్మము వఱకు వచ్చినను, పరిశోధనాలయపు కట్టడములు నిలిచినవి.

అచట విమానములును యంత్రములును కలవు. కల్పవల్లిలో కొడవలియు పచ్చికొమ్మయు. పని మాత్రము ఒక్కటే. పైగా మన సీమలో ఒక చిత్రము కలదు. వాన బాగుగ కురిసిన యేటి మఱు వేసవికే నిప్పుభయ మెక్కువ. వానకై మ్రొక్కుకొన్నవారే, గడ్డి మోకాలిని మించి పెరుగుట చూచి, సంక్రాంతి కాకమునుపే కొడవళ్లు పదును పెట్టుకొనవలసియున్నది.