వేలు పెట్టే ముందు

నిశానీ అంటే మనందరికీ తెలుసు. చదువు రాని వాళ్ళు సంతకానికి బదులు వేసే వేలిముద్ర. ఎడమ చేతి బొటనవేలికి సిరా పూసేవారు. కాగితం మీద ఒత్తించేవారు. ఆ కాగితంలో ఏమి రాసి ఉందో వేలు పెట్టిన మనిషికి తెలిసేది కాదు. వంద రూపాయల అప్పును వెయ్యి అని రాసుకున్నా తెలిసేది కాదు. అందుకే చదువుకు వచ్చిన అక్కలు మొట్టమొదట తమ పేరు రాయడం నేర్చుకున్నారు. సంతకం పెట్టిన రోజు, "బొటనవేలికి సెలవు ఇచ్చేశాం" అని సంబరపడ్డారు.

కానీ ఆ బొటనవేలు మళ్ళీ పనిలోకి వచ్చింది! రేషన్ బియ్యానికి వేలు. పెన్షన్‌కు వేలు. కొత్త సిమ్ కార్డుకు వేలు. బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీయాలన్నా వేలు. పెద్ద చదువులు చదివిన వాళ్ళు కూడా ఇప్పుడు నిశానీ వాళ్ళే.

మరి ఆ పాత నిశానీకీ, ఈ కొత్త నిశానీకీ తేడా ఏమిటి? దీని వల్ల లాభం ఏమిటి? ప్రమాదం ఏమిటి? తెలుసుకుందాం.

వేలికి అంత విలువ ఎందుకు?

మీ బొటనవేలి కొసను దగ్గరగా చూడండి. సన్నని గీతలు కనబడతాయి. దుక్కి దున్నిన చేనులో సాళ్ళ లాగా ఉంటాయి. ఈ గీతలు ఏ ఇద్దరికీ ఒకే తీరుగా ఉండవు. కవల పిల్లలకు కూడా వేరువేరుగా ఉంటాయి. పుట్టిన దగ్గర నుంచి పోయే దాకా మారవు.

ఈ సంగతిని మన దేశంలోనే పనికి పెట్టారు. 1858లో బెంగాల్‌లో హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి ఉండేవాడు. రోడ్డు పనికి సామాను తెచ్చే గుత్తేదారు చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ప్రపంచంలో అదే మొదటిది. ముద్రలను వరసగా అమర్చి, కావలసిన దానిని తొందరగా వెతికే పద్ధతి తయారు చేయడానికి అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు భారతీయులు పాటుపడ్డారు.

2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ అనే చిన్న ఊరిలో మొదటి ఆధార్ నంబరు ఇచ్చారు. ఆధార్ నంబరులో 12 అంకెలు ఉంటాయి. ఆధార్ తీసేటప్పుడు మన పది వేళ్ళ ముద్రలు, రెండు కంటిపాపల గుర్తులు, ముఖం ఫోటో తీసుకుంటారు. ఆ తరువాత మనం యంత్రం మీద వేలు పెడితే, "ఈ నంబరు మనిషి ఈమేనా?" అని యంత్రం అడుగుతుంది. దాచి ఉంచిన ముద్రతో సరిపోతే, "ఔను, ఈమే" అని జవాబు వస్తుంది.

దీని వల్ల మేలు ఉంది. ఒకరి పెన్షన్ ఇంకొకరు తీసుకోవడం కష్టం. చనిపోయిన వాళ్ళ పేరు మీద బియ్యం ఎత్తుకోవడం కష్టం. ఏటీఎం లేని పల్లెలో కూడా డబ్బు చేతికి వస్తుంది.

మరి ఇంక భయం దేనికి?

బస్సులో ముచ్చట

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే బస్సులో ఒక అత్తా కోడలూ ఎక్కారు అనుకుందాం. ఆధార్ కార్డు చూపించారు. కండక్టరు సున్నా రూపాయల టికెట్లు ఇచ్చాడు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది కదా!

బస్సు శిరివెళ్ళ దాటింది. అత్త ఫోను మోగింది. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతా ఆగిపోతుంది. ఆధార్ నంబరు చెప్పండి" అన్నారు అవతల నుంచి. అత్తది పెద్ద గొంతు. కార్డు చూసుకుంటూ ఒక్కో అంకే చదవసాగింది. కోడలు గబుక్కున ఫోను తీసుకుని ఆపేసింది.

"ఏంటికి ఆపేస్తివి? పాపం, బ్యాంకు సారు మాట్లాడుతుంటే!"

"బ్యాంకు సారు కాదత్తా, ఎవడో దొంగ సారు. నువ్వు చదివిన అంకెలు వానికే కాదు, బస్సులో అందరికీ వచ్చేసినాయి. ఇంకొంచెం సేపుంటే డ్రైవరు కూడా అప్పజెప్పేవాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అత్తకు కోపం వచ్చింది.

"వింటే వింటారు. నేనేమన్నా దొంగతనం చేసినానా? నా దగ్గర దాచేదానికి ఏముంది?"

"దాచేదానికి ఏమీ లేకపోతే, దొడ్లో నీళ్ళు పోసుకునే కాడ తడిక ఏంటికి కట్టిస్తివి?"

"అదేం మాటమ్మే! ఊరంతా చూడాల్నా?"

"నీళ్ళు పోసుకునేది తప్పు పనా అత్తా?"

"కాదు. అయినా ఎవరు చూడాల, ఎవరు చూడగూడదు అనేది నా ఇష్టం."

"ఈ నంబరు కూడా అంతే."

ముందు సీటులో కూర్చున్న జేజి వెనక్కి తిరిగింది. "మా కాలంలో గోడలకు చెవులు ఉంటాయి అనేవాళ్ళు. ఇప్పుడు ఆ చెవులను మనమే డబ్బిచ్చి కొనుక్కుంటిమి. రాత్రిపూట దానికి కరెంటు కూడా పెడుతుంటిమి!" అంది. ఈసారి అత్త కూడా నవ్వింది.

తడిక మన హక్కు

కోడలు చెప్పిన తడిక మాట చిన్నది కాదు. తప్పు చేసినవాళ్ళే దాచుకుంటారు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన ఒళ్ళు, మన ఇంటి మాటలు, మన జబ్బులు, మన ఫోటోలు, మన డబ్బు సంగతులు మనవి. వాటిని ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో మనమే నిర్ణయించుకోవాలి. దీనినే గోప్యత హక్కు అంటారు.

ఈ హక్కు కోసం ఒక పెద్దాయన కోర్టుకు వెళ్ళాడు. ఆయన పేరు పుట్టస్వామి. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా పనిచేసి రిటైరు అయ్యాడు. 2012లో, ఎనభై ఏళ్ళు దాటిన వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టులో కేసు వేశాడు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాట చెప్పారు. గోప్యత ప్రతి మనిషికీ ఉన్న ప్రాథమిక హక్కు అన్నారు. చదువు ఉన్నా లేకపోయినా, డబ్బు ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుంది.

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు చెప్పింది. పెన్షన్, రేషన్ వంటి ప్రభుత్వ సాయానికి ఆధార్ అడగవచ్చు అంది. సిమ్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు ఆధారే కావాలని పట్టుబట్టకూడదు అంది.

దొంగకు వేలు ఎలా దొరికింది?

వేలు మన చేతికే ఉంది కదా, దొంగ ఎలా ఎత్తుకుపోతాడు? వేలు అక్కర్లేదు. ముద్ర చాలు.

భూమి కొన్నప్పుడు, అమ్మినప్పుడు దస్తావేజు మీద వేలిముద్ర వేస్తాం. ఆ దస్తావేజుల నకళ్ళు కంప్యూటర్లోకి ఎక్కాయి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను అలాంటి నకళ్ళు సంపాదించాడు. వాటిలోని ముద్రలతో రబ్బరు అచ్చులు చేశాడు. ఆ అచ్చులను యంత్రం మీద పెట్టి, ఊరూ పేరూ తెలియని మనుషుల పేరు మీద సిమ్ కార్డులు తీశాడు. చివరికి పోలీసులకు దొరికాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు ఇంకో ముఠాను పట్టుకున్నారు. వాళ్ళు మన రాష్ట్రం దస్తావేజుల నుంచి ముద్రలు తీసి, ఏకంగా బ్యాంకు ఖాతాల్లో డబ్బే లాగారు.

అది ఎలా కుదిరింది? బ్యాంకు మిత్ర యంత్రంలో డబ్బు తీయడానికి మూడే కావాలి. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. ఏటీఎం కార్డు అక్కర్లేదు. పిన్ నంబరు అక్కర్లేదు. ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అక్కర్లేదు. మనకు సులువుగా ఉండాలని అలా పెట్టారు. ఆ సులువు దొంగకూ కలిసి వచ్చింది.

ఇందులో ఒక విచిత్రం చూడండి. ఆళ్ళగడ్డలో రాతి శిల్పాలు చెక్కేవాళ్ళు ఉన్నారు. రాళ్ళ పని, కూలి పని, అంట్ల పని చేసి చేసి చాలామందికి వేలి గీతలు అరిగిపోతాయి. యంత్రం ఒక్కోసారి వాళ్ళ వేలిని గుర్తు పట్టదు. కష్టం చేసిన వేలిని కాదంది. దొంగ తెచ్చిన రబ్బరును ఔనంది! ఇలాంటి మోసాల తరువాత, 2023లో ఆధార్ సంస్థ కొత్త పద్ధతి తెచ్చింది. యంత్రం మీద పెట్టినది ప్రాణం ఉన్న వేలా, రబ్బరా అని కంప్యూటరు పరీక్ష చేస్తుంది. అయినా మన జాగ్రత్త మనకు ఉండాలి.

ఎందుకంటే, బీరువా తాళం చెవి పోతే తాళం మారుస్తాం. పిన్ నంబరు దొంగకు తెలిస్తే కొత్తది పెట్టుకుంటాం. వేలిని మార్చుకోలేం కదా!

వేలు కన్నా ముందు కళ్ళు

ఇంకో మోసానికి రబ్బరు కూడా అక్కర్లేదు. "ముద్ర సరిగ్గా పడలేదమ్మా, ఇంకోసారి పెట్టు" అంటారు. పెడతాం. నిజంగానే పడకపోయి ఉండవచ్చు. లేదా మొదటిసారే డబ్బు తీసి ఉండవచ్చు. రెండవసారి పెట్టిన వేలుకు ఇంకో రెండు వేలు పోవచ్చు. ఏది నిజమో వేలికి తెలియదు. కళ్ళకు తెలుస్తుంది. అందుకే చదువు.

వేలు పెట్టే ముందు యంత్రం మీద అంకె చదవండి. వెయ్యి అడిగితే 1000 ఉందా, 10000 ఉందా చూడండి. సున్నాలు లెక్కపెట్టండి. పక్కన మాటలు ఇంగ్లీషులో ఉన్నా, అంకెలు మనకు తెలిసినవే.

వేలు పెట్టిన ప్రతిసారీ చీటీ అడగండి. "కాలేదు" అన్నా చీటీ అడగండి. అందులో తేదీ, తీసిన డబ్బు, మిగిలిన డబ్బు చూసుకోండి. చీటీ ఇవ్వకపోతే రెండవసారి వేలు పెట్టవద్దు.

చూపించడం వేరు, ఇవ్వడం వేరు. బస్సులో కార్డు చూపించి మళ్ళీ సంచిలో పెట్టుకుంటాం. దానితో పని అయిపోయింది. జిరాక్సు ఇస్తే మాత్రం అది అక్కడే ఉండిపోతుంది. ఇవ్వక తప్పకపోతే దాని మీద తేదీ, ఏ పనికి ఇస్తున్నారో రాసి సంతకం పెట్టండి. చివరి 4 అంకెలు మాత్రమే కనబడే ఆధార్ కాగితం కూడా ఉంది. నంద్యాలలోనో, ఆళ్ళగడ్డలోనో మీ సేవలో అడిగి తీసుకోవచ్చు.

ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకు వాళ్ళు ఎప్పుడూ ఫోను చేసి ఓటీపీ అడగరు. ఇంకో మాట. ఫోనులో డబ్బు పంపడానికే పిన్ కొట్టాలి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "మీకు డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి" అంటే అది మోసమే.

వేలికి తాళం వేసుకునే వీలు కూడా ఉంది. ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ కేంద్రంలో గానీ వేలిముద్రకు తాళం వేయించుకోవచ్చు. అప్పుడు ఎవరు ముద్ర పెట్టినా పని చేయదు. అయితే మన రేషన్‌కు, పెన్షన్‌కు కూడా పని చేయదు. ఆ రోజు తాళం తీసి, పని అయ్యాక మళ్ళీ వేసుకోవాలి. ఇందుకు మన ఫోను నంబరు ఆధార్‌లో ఎక్కించి ఉండాలి.

డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. ఇంట్లో తిడతారని దాచిపెట్టవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే, డబ్బును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ. తరువాత బ్యాంకుకు వెళ్ళి కాగితం రాసి ఇవ్వండి. తప్పు మనది కానప్పుడు, 3 పని దినాల లోపల బ్యాంకుకు చెబితే నష్టం మన మీద వేయకూడదని 2017లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆధార్ సంగతులకు 1947 నంబరు ఉంది. ఈ రెండూ గుర్తు పెట్టుకోవడం సులువే. 1930 గాంధీగారు ఉప్పు సత్యాగ్రహం చేసిన సంవత్సరం. 1947 మనకు స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం.

అక్కలారా! పాత నిశానీ రోజుల్లో కాగితం చదవలేక మోసపోయాం. కొత్త నిశానీ రోజుల్లో చదవడం వచ్చి కూడా చదవకపోతే మోసపోతాం. ముందు కళ్ళు, తరువాతే వేలు.

మాట్లాడుకోండి

1. మీరు ఈ నెలలో ఎక్కడెక్కడ వేలిముద్ర వేశారు? చీటీ ఇచ్చారా?
2. మీ ఆధార్ జిరాక్సులు ఎవరెవరి దగ్గర ఉన్నాయి?
3. "నా దగ్గర దాచేదానికి ఏముంది?" అనే వాళ్ళకు మీరు ఏమి చెబుతారు?
4. 1930, 1947 అంకెలను పెద్దవిగా రాసి ఇంట్లో గోడకు అంటించండి.