గొడ్ల డాక్టరుగారి కుడిచెయ్యి

మన ఇళ్ళలో పిల్లవాడు ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కగానే ఇంజనీరింగా, కామర్సా అని లెక్కలు మొదలవుతాయి. పశువైద్య సహాయకుడి చదువు అనేసరికి, "పేడ ఎత్తడానికా ఇంతదాకా చదివించినది?" అని పెద్దలు మూతి విరుస్తారు. ఆ పెద్దలు పొద్దున్నే కాఫీలో పోసుకొన్న పాలు ఎవరో గొడ్డు దగ్గర కూర్చుని పిండినవే గదా! కనుక ఈ చదువులో ఏమున్నదో, చదివే పిల్లలు పడే పాట్లేమిటో నాలుగు మాటలు చెప్పుకొందాము.

మన బేతమంగళ పాలారు ఒడ్డున ఉన్నది. ఇక్కడి చెరువు నీళ్ళు బంగారు గనులకు పోయేవి. గనుల జీతం మీద బ్రతికిన ఇళ్ళు ఈ చుట్టుపట్ల ఎన్నో. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడ్డాయి. కోలారు సీమకు పాలు, పట్టు, బంగారం అని మూడింటి పేరు ఉండేది. బంగారం పోయింది, పాలు నిలిచాయి. కేంద్రంలో వ్యవసాయ ఉపమంత్రిగా ఉండిన ఎం.వి. కృష్ణప్పగారు ఈ జిల్లావారే. ఇక్కడి రైతును పాడివైపు మళ్ళించినది ఆయనే అని నేటికీ చెప్పుకొంటారు. రెండు సీమావులున్న ఇంట్లో ఒకటి పడుకొని లేవకపోతే, ఆ నెల బియ్యానికీ బడి ఫీజుకూ దారి మూసుకుపోయినట్లే. డాక్టరుగారు ఒక్కరు, చూడవలసిన ఊళ్ళు అనేకం. అటువంటి వేళ తరచు మొదట వాకిట నిలిచేవాడు ఈ సహాయకుడే.

ఈ చదువు రెండేళ్ళది. కర్ణాటకలో తిపటూరు దగ్గరి కోనేహళ్ళి వంటిచోట్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్కులున్నాయి. మనకు పొరుగునే, ఆంధ్రదేశపు పలమనేరులోనూ ఒకటి ఉన్నది. పొట్టివైన పుంగనూరు ఆవుల జాతిని కాపాడుతున్న పరిశోధనా కేంద్రం కూడా ఆ పలమనేరులోనిదే.

పుస్తకం కంటె ముందు అక్కడ పిల్లలు నేర్చుకొనేది గొడ్డును సమీపించడం. ఎటునుంచి పోవలె, ఎక్కడ చెయ్యి వేయవలె, తాడు ఎట్లా బిగించవలె — ఇవి తెలియని వాడికి ఒక తన్నుతో పాఠం పూర్తవుతుంది. మనిషి రోగి అయితే తలనొప్పి అనో కడుపునొప్పి అనో చెప్పుకొంటాడు. గొడ్డు నోరు విప్పి చెప్పదు. కనుక కళ్ళూ చేతులే చెవులు కావలె. ఆరోగ్యమైన ఆవుకు వేడి సుమారు 101.5 డిగ్రీలుంటుంది. నాడి తోక కింద దొరుకుతుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి పెడితే లోపల పెద్ద కడుపు నిమిషానికి ఒకటి రెండుసార్లు కదలడం తెలుస్తుంది. ముట్టె తడిగా ఉన్నదా, నెమరు వేస్తున్నదా, పేడ ఎట్లా పడుతున్నది — ఇవన్నీ చూసి రాసుకోవలె. సెలవులకు ఊరికి వచ్చిన ఒక పిల్లవాడు మాతో, "మొదటి నెల పేడవాసనకు అన్నం సయించలేదు, రెండో నెల పేడ చూసే జబ్బు చెప్పడం మొదలుపెట్టినాము" అన్నాడు.

తరువాత వచ్చేది సూది కట్టించడం. మన దేశంలో ఈ పద్ధతిని 1939లో సంపత్ కుమారన్ గారు మైసూరు ప్యాలెస్ డెయిరీలో మొదలుపెట్టారు. నేడు కోడె వీర్యాన్ని సన్నని గొట్టాలలో నింపి, సున్నాకు 196 డిగ్రీల దిగువన ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. వాడేముందు గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచవలె. ఆవు పొద్దున ఎదకు వస్తే సాయంకాలం, సాయంకాలం వస్తే మరునాటి పొద్దున కట్టించడం వాడుక. ఎడమచెయ్యి లోపల పెట్టి గర్భాశయపు ముఖద్వారాన్ని కంటికి కనబడకుండానే పట్టుకోవలె. ఇది ఎన్ని పుటలు చదివినా రాదు, ఎన్నో ఆవుల మీద చెయ్యి తిరిగితేనే వస్తుంది. చెయ్యి తప్పితే రైతుకు మూడు వారాల కాలం నష్టం.

అయితే ఈ చదువులో కష్టమైన పాఠం చేయడం కాదు, ఆగడం. ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఎక్కువ పాలిచ్చే ఆవుకు పాలజ్వరం వస్తుంది. పేరు జ్వరమే గాని ఒళ్ళు చల్లబడుతుంది. చెవులు చల్లన, తల డొక్కవైపు తిప్పుకొని కూలబడుతుంది. రక్తంలో సున్నపు సత్తువ, అనగా కాల్షియం, పడిపోవడమే దీనికి కారణం. దానిని నరంలోకి ఎక్కిస్తే కొద్దిసేపట్లో లేచే ఆవులున్నాయి. తొందరగా ఎక్కిస్తే గుండె ఆగి అక్కడికక్కడే పోయేవీ ఉన్నాయి. అవ్వ ఏడుస్తూ, "నువ్వే సూది వెయ్యి నాయనా, డాక్టరు వచ్చేలోపల గొడ్డు పోతుంది" అంటుంది. "అవ్వా, ఫోను చేసినాను, ఆయన వస్తున్నారు. అంతదాకా నేను ఇక్కడే ఉంటాను" అని చెప్పగలగడానికి గుండెనిబ్బరం కావలె. ఆవు పక్కకు ఒరిగిపోకుండా గడ్డిమూటలు ఆనించి కూర్చోబెట్టడం, గొంతులో ఏమీ పోయనీయకపోవడం అతని పని. మింగే శక్తి లేని ఆవుకు పోసినది ఊపిరితిత్తులలోకి పోతుంది. 1984 నాటి పశువైద్య చట్టం ఈ సహాయకులకు టీకాలు, గాయాలకు కట్టు, విత్తులు కొట్టడం వంటి చిన్న వైద్యాలనే, అదీ డాక్టరు పర్యవేక్షణలో, అనుమతించింది. చొల్లు కారుస్తూ మింగలేని ఆవును చూస్తే గొంతులో ఏదో ఇరుక్కున్నదని చెయ్యి పెట్టబుద్ధి అవుతుంది. అది పిచ్చికుక్క కరచిన ఆవు అయితే చెయ్యి పెట్టినవాడి ప్రాణానికే ముప్పు.

ఇంత చిన్న పనేనా అనకండి. ముసర రోగం మన తాతల కాలంలో ఊళ్ళకు ఊళ్ళనే పశువులు లేకుండా చేసినది. 1954లో దేశమంతటా దానికి టీకాలు వేసే కార్యక్రమం మొదలయింది. 1995 తరువాత మన దేశంలో ఆ రోగం కనిపించలేదు. 2011లో ప్రపంచమంతటా రూపుమాసినదని ప్రకటించారు. మందు కనిపెట్టినవారు శాస్త్రజ్ఞులు. దానిని పెట్టెలో పెట్టుకొని దొడ్డి దొడ్డికీ నడిచినవారిలో ఇటువంటి సహాయకులెందరో. నేడు గాలికుంటు టీకా ఏటా రెండుసార్లు వేసేదీ, చెవికి పన్నెండంకెల బిళ్ళ తగిలించేదీ వీరే.

గాంధీగారు 1927లో బెంగుళూరులో ఆరోగ్యం కోసం ఉన్నప్పుడు, యాభై ఏడేళ్ళ వయసులో, అక్కడి ఇంపీరియల్ డెయిరీ సంస్థకు పోయి పశుపోషణ నేర్చుకొన్నారు. ఆయనకు లేని నామోషీ మనకెందుకు? ఆడపిల్లలు సైతం ఈ చదువుకు పోతున్నారు. ఇంట్లో కుర్రవాడు గానీ అమ్మాయి గానీ దూడ వెంట తిరిగేవారైతే, మూతి విరవక ఒకసారి పాలిటెక్నిక్కు గేటుదాకా తీసుకుపోయి చూపండి. తన చెయ్యి ఎంతదాకా పోవచ్చునో, ఎక్కడ ఆగవలెనో తెలిసిన మనిషి మన ఊళ్ళకు కావలె.