వాడుతూ కాపాడటమా, తాకకుండా కాపాడటమా

అడవులను కాపాడాలన్న విషయంలో అందరిదీ ఒకే మాట అయినా, ఎలా కాపాడాలన్న దగ్గర ఆలోచన రెండు పాయలుగా చీలుతుంది. కలప, గడ్డి, నీరు, తేనె వంటివాటిని అడవి తిరిగి సమకూర్చుకోగలిగినంత మేరకే తీసుకుంటూ, రాబోయే తరాలకూ అవి దక్కేలా చూసుకోవడం పరిరక్షణ, అంటే కన్జర్వేషన్. మనిషి జోక్యాన్ని వీలైనంతగా తొలగించి ప్రకృతిని దాని మానాన ఉండనివ్వడం యథాతథ సంరక్షణ, అంటే ప్రిజర్వేషన్. తెలుగులో పరిరక్షణ, సంరక్షణ అన్న మాటలను ఒకే అర్థంలో వాడటం అలవాటైనందువల్ల ఈ భేదం తరచూ మరుగున పడుతుంది.

మొదటి మార్గానికి భారతదేశంతో దగ్గరి సంబంధం ఉంది. బర్మాలోని పెగూ టేకు అడవుల్లో చెట్ల చుట్టుకొలతలను బట్టి ఏటా ఎన్నింటిని నరకవచ్చో లెక్కగట్టే పద్ధతిని అమలు చేసిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్, 1864లో భారత అటవీ శాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. ఆయన సలహాలతో ఐరోపాలో అటవీ శాస్త్రం చదివిన గిఫర్డ్ పిన్షో, 1905లో అమెరికా ఫారెస్ట్ సర్వీసుకు తొలి అధిపతిగా ఆ దృష్టినే అక్కడ స్థిరపరిచారు. అయితే, వలస పాలనలో ఈ పద్ధతి రైల్వేల కలప అవసరాలతో ముడిపడిందనీ, 1878 అటవీ చట్టం గ్రామీణుల, ఆదివాసుల హక్కులను బాగా కుదించిందనీ మరువరాదు.

ఈ రెండు దృక్పథాలు ఢీకొన్న ప్రసిద్ధ సందర్భం కాలిఫోర్నియాలోని హెచ్ హెచీ లోయ. 1906 భూకంపం తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో నగరం తన నీటి అవసరాల కోసం, యోసెమిటీ జాతీయ పార్కులో ఉన్న ఆ లోయలో ఆనకట్ట కట్టాలన్న ప్రయత్నాన్ని ముమ్మరం చేయగా, ఎక్కువమందికి ఎక్కువ మేలు జరుగుతుందని పిన్షో సమర్థించారు. 1892లో సియెర్రా క్లబ్ స్థాపనలో ముఖ్యపాత్ర వహించిన జాన్ మ్యూర్, అటువంటి లోయ విలువను అది ఇచ్చే నీటితో కొలవరాదని ప్రతిఘటించారు. 1913లో అమెరికా కాంగ్రెస్ అనుమతినిచ్చింది. 1923కల్లా ఆనకట్ట పూర్తై లోయ నీట మునిగింది.

వాడకం హద్దు మీరితే ఏమవుతుందో హెచ్ హెచీ చెబితే, నిషేధం గుడ్డిగా సాగితే ఏమవుతుందో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చెబుతుంది. అక్కడి సుమారు 29 చదరపు కిలోమీటర్ల కేవలాదేవ్ జాతీయ పార్కులో 1982లో పశువుల మేతను నిషేధించినప్పుడు, నిరసన తెలిపిన గ్రామస్థుల్లో కొందరు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జరిపిన దీర్ఘకాల అధ్యయనంలో, గేదెలు మేయకపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి చిత్తడినేలను కమ్మేసిందనీ, నీటిపక్షులకు అది చేటుగా మారిందనీ తేలింది. కట్టలు కట్టి, నీరు మళ్లించి మనుషులే రూపుదిద్దిన ఆ నేలలో మనిషినీ పశువునూ పరాయివారుగా చూడటమే అసలు పొరపాటు.

నేటి భారతీయ చట్టాల్లో రెండు మార్గాలూ పక్కపక్కనే ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాతీయ పార్కుల్లో మేతను నిషేధించి, అభయారణ్యాల్లో నియంత్రణకు లోబడి అనుమతిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని నమ్ముకుని బతికేవారి హక్కులను గుర్తిస్తుంది. పులుల అభయారణ్యాలూ చెంచు ఆదివాసుల ఆవాసాలైన పెంటలూ కలిసి ఉన్న నల్లమల అడవుల్లో ఈ రెండు చట్టాల మధ్య సమతూకం నిత్యం తేల్చుకోవలసిన ప్రశ్న.

అందువల్ల ఏ మార్గం మేలన్నది సిద్ధాంతం తేల్చేది కాదు. ఆ నేల చరిత్రే తేల్చాలి. భరత్‌పూర్‌లో గ్రామస్థులను గడ్డి కోసుకోనిచ్చి పొరపాటును కొంతైనా దిద్దుకునే వీలు దొరికింది. హెచ్ హెచీ మాత్రం వందేళ్లు దాటినా నీటి అడుగునే ఉంది. దిద్దుకోలేని నష్టం ఎదురుగా ఉన్నచోట తాకకుండా ఉండటం, మనిషి శ్రమ ప్రకృతిలో భాగమైపోయినచోట ఆ శ్రమను గౌరవించడం, రెండూ అడవి పట్ల బాధ్యతలే.