స్పోర్ట్స్ కారు డెకాల్

స్పోర్ట్స్ కారు డెకాల్ అనగా స్పోర్ట్స్ కారు వెలుపలి భాగంపై గుర్తింపు కొరకు గాని, ప్రకటన కొరకు గాని, అలంకారం కొరకు గాని అంటించే చార, అంకె, అక్షరాల వరుస లేదా చిత్రం. వాడుకలో దీనిని స్టిక్కర్ అంటారు. కారు మొత్తాన్ని ఇటువంటి పొరతో కప్పివేస్తే దానిని ర్యాప్ అంటారు. రంగు వేయడానికీ, డెకాల్ అంటించడానికీ ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. రంగు కారు శరీరంలో భాగమైపోతుంది. డెకాల్ ఆ రంగుపై తొడిగిన పలుచని పొర మాత్రమే గనుక అవసరమైనప్పుడు దానిని తీసివేయవచ్చును.

పందెపు కార్లపై ఉండే గుర్తులు మొదట దేశాన్ని, తరువాత ప్రకటనకర్తను తెలిపేవి. రోడ్డుపై తిరిగే కార్లకు వచ్చేసరికి అవి సొంతదారుని అభిరుచిని తెలిపే చిహ్నాలయ్యాయి. ఈ మూడు దశలను గమనిస్తే నేడు కార్లపై కనిపించే చారల అర్థం సులభంగా బోధపడుతుంది.

పేరు

"డెకాల్" అనే మాట "డెకాల్కొమానీ" అనే ఫ్రెంచి పదానికి సంక్షిప్త రూపం. కాగితంపై ముద్రించిన బొమ్మను పింగాణీ, గాజు, కొయ్య వంటి వాటిపైకి బదిలీ చేసే విద్యకు ఆ పేరు. నీటిలో నానబెట్టి, కాగితంపై నుండి జార్చి అంటించే రకం డెకాళ్ళను బొమ్మ విమానాలు, బొమ్మ కార్లు తయారుచేసేవారు నేటికీ వాడుతున్నారు. కార్లపై వాడేవి వీటికి భిన్నమైనవి. ఇవి వెనుకవైపు ముందే జిగురు పూసి, ఒత్తగానే అంటుకునేటట్లు తయారుచేసిన వినైల్ పొరలు.

తెలుగునాట ఈ పని చేసే దుకాణాలను "రేడియం షాపు"లని, అక్కడ కత్తిరించే అక్షరాలను "రేడియం స్టిక్కర్లు" అని పిలుస్తారు. నిజానికి వీటిలో రేడియం అనే మూలకం ఏమాత్రం ఉండదు. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో గడియారపు ముళ్ళు చీకటిలో కనబడడానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. అది తనంతట తానే వెలిగేది. నేటి స్టిక్కర్లు అలా వెలగవు. మెరిసే రకం స్టిక్కర్లలో సాధారణంగా సూక్ష్మమైన గాజు పూసలు ఉంటాయి. అవి వాహన దీపాల కాంతిని, అది వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. అందువలన ఎదురుగా వచ్చే వాహనం నడిపేవారికి అవి వెలుగుతున్నట్లు కనిపిస్తాయి.

చరిత్ర

దేశ వర్ణాలు

1900లో మొదలైన గోర్డన్ బెన్నెట్ కప్పు పందాలలో దేశాల తరపున కార్లు పోటీపడేవి. ఏ కారు ఏ దేశానిదో దూరం నుండే తెలియడానికి ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క రంగు కేటాయించారు. ఫ్రాన్సుకు నీలం, జర్మనీకి తెలుపు, బెల్జియానికి పసుపు రంగులు వచ్చాయి. 1903లో ఐర్లండులో జరిగిన పందెం నుండి బ్రిటనుకు ఆకుపచ్చ రంగు స్థిరపడింది. ఇటలీ కార్లకు ఎరుపు తరువాతి కాలంలో గుర్తింపు రంగు అయినది.

అమెరికా కార్లకు పైభాగం తెలుపు, అడుగు చట్రం నీలం రంగులుగా ఉండేవి. కారు శరీరం చట్రాన్ని పూర్తిగా కప్పివేసే కాలం వచ్చేసరికి ఆ నీలం రంగు పైకి వచ్చి చారలుగా మారిందని చెబుతారు. అమెరికాకు చెందిన బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ 1950వ దశకంలో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో పాల్గొన్నప్పుడు, తన తెల్లని కార్లపై ముందునుండి వెనుకకు రెండు నీలి చారలు వేయించాడు. 1952లో అతని సి-4ఆర్ కారు ఆ పందెంలో నాలుగవ స్థానం పొందింది. నేడు "రేసింగ్ చారలు" అనగానే గుర్తుకు వచ్చే జంట చారలకు ఈ కార్లే ప్రసిద్ధమైన తొలి ఉదాహరణలు.

ప్రకటనలు

1968లో ఫార్ములా వన్ పందాలలో వాణిజ్య ప్రకటనలకు దారి తెరుచుకుంది. అప్పటివరకు బ్రిటిష్ ఆకుపచ్చ రంగులో ఉన్న లోటస్ జట్టు కార్లు ఆ ఏడాదే ఒక సిగరెట్టు పెట్టె రంగులైన ఎరుపు, తెలుపు, బంగారు వర్ణాలలోకి మారాయి. దేశాన్ని తెలిపే స్థానాన్ని ధనమిచ్చే సంస్థ ఆక్రమించింది. లేత నీలంపై నారింజ రంగు చార గల గల్ఫ్ చమురు సంస్థ వర్ణాలతో ఫోర్డ్ జీటీ40 కారు 1968, 1969 సంవత్సరాలలో వరుసగా లె మాన్స్ పందెం గెలిచింది. 1971లో మార్టిని సంస్థ చారలు ధరించిన పోర్షే 917 గెలిచింది. ఆ సంస్థల సరుకులు ఎన్నడూ కొనని అభిమానులు కూడా ఈ రంగులను నేటికీ తమ కార్లపై వేయించుకుంటున్నారు.

భారతీయుల యాజమాన్యంలో 2008 నుండి 2018 వరకు నడిచిన ఫోర్స్ ఇండియా ఫార్ములా వన్ జట్టు చరిత్రలో ఈ రెండు దశలూ కనిపిస్తాయి. ఆ జట్టు కార్లు తొలి సంవత్సరాలలోనే భారత పతాకంలోని కాషాయ, తెలుపు, ఆకుపచ్చ వర్ణాలను ధరించాయి. 2017లో ఒక నీటిశుద్ధి సంస్థ ప్రాయోజకత్వం లభించగానే కారంతా గులాబి రంగుకు మారింది.

కర్మాగారాల నుండి వచ్చిన చారలు

పందెపు కారు గుర్తులను సామాన్యుల కార్లపైకి తెచ్చినవారిలో అమెరికాకు చెందిన కారొల్ షెల్బీ ముఖ్యుడు. ఫోర్డ్ మస్టాంగ్ ఆధారంగా ఆయన సంస్థ 1965లో విడుదల చేసిన జీటీ350 కారు తెల్లని శరీరంపై నీలి చారలతో ప్రసిద్ధి పొందింది. ఈ చారల రూపకర్త పీటర్ బ్రాక్. అయితే పైభాగపు జంట చారలు అప్పట్లో అన్ని కార్లతోనూ వచ్చేవి కావు. కోరుకున్నవారికి మాత్రమే వేసేవారు.

పోర్షే సంస్థ 1972లో ప్రదర్శించిన 911 కరెరా ఆర్ఎస్ 2.7 కారు ప్రక్కభాగంలో పెద్ద అక్షరాలతో కారు పేరే అలంకారంగా నిలిచింది. 1973లో అమెరికాలోని పాంటియాక్ సంస్థ తన ట్రాన్స్ ఆమ్ కారు బానెట్‌పై రెక్కలు విప్పిన పెద్ద పక్షి డెకాల్‌ను, అదనపు అలంకారంగా, కోరినవారికి అందించింది. 1977లో వచ్చిన "స్మోకీ అండ్ ద బాండిట్" చలనచిత్రంలో నల్లని కారుపై బంగారు రంగు పక్షి కనిపించిన తరువాత ఆ డెకాల్ ఖ్యాతి ఎంతో పెరిగింది.

చిత్రకారుల కార్లు

ఫ్రాన్సుకు చెందిన వేలందారు, పందెగాడు ఎర్వే పూలాన్ కోరికపై శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ 1975లో ఒక బీఎండబ్ల్యూ 3.0 సీఎస్ఎల్ కారుకు వర్ణరచన చేశాడు. ఆ కారు అదే ఏడాది లె మాన్స్‌లో పరుగెత్తింది. 1979లో ఆండీ వార్హోల్ ఒక బీఎండబ్ల్యూ ఎం1 కారుపై సుమారు 28 నిమిషాలలో తన చేతితోనే రంగులు వేశాడు. ఆ కారు లె మాన్స్‌లో ఆరవ స్థానం పొందింది. 2010లో జెఫ్ కూన్స్ రూపొందించిన ఎం3 జీటీ2 కారుపై కుంచె వాడలేదు. కంప్యూటరుపై తయారైన చిత్రాన్ని వినైల్ పొరలపై ముద్రించి కారుకు అంటించారు. వార్హోల్‌కు గౌరవసూచకంగా దానికి 79 అనే అంకె ఇచ్చారు. కుంచె నుండి డెకాల్‌కు జరిగిన మార్పు ఈ రెండు కార్లను పోల్చితే స్పష్టమవుతుంది.

పదార్థం

డెకాళ్ళకు వాడే వినైల్ పొరలు ముఖ్యంగా రెండు రకాలు.

కేలండర్ చేసిన పొర: వేడిచేసిన పీవీసీ ముద్దను రోలర్ల మధ్య నొక్కి సాగదీసి తయారుచేస్తారు. ఇది చవకైనది, కొంత మందమైనది. తయారీలో సాగదీయబడినందున కాలక్రమంలో, ముఖ్యంగా ఎండలో, తిరిగి కుంచించుకుపోయే స్వభావం దీనికి ఉంటుంది. చదునైన భాగాలకు, కొద్దికాలం ఉంచే అలంకారాలకు ఇది సరిపోతుంది.

పోత పొర: ద్రవరూపంలోని పీవీసీని పలుచగా పోసి, ఆరబెట్టి తయారుచేస్తారు. దీని మందం సుమారు 50 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఇరవైవ వంతు. సాగదీయకుండా తయారైనది గనుక కుంచించుకుపోవడం తక్కువ. స్పోర్ట్స్ కార్లకు ఉండే వంపులపై, లోతైన గాడులలో ఇది చక్కగా ఒదుగుతుంది. ఖరీదు ఎక్కువ.

జిగురు వైపున సన్నని కాలువలు ఉండే పొరలు కూడా లభిస్తాయి. అంటించేటప్పుడు చిక్కుకున్న గాలి ఈ కాలువల గుండా బయటకు పోతుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఏ పొరకైనా శత్రువులే. ప్రక్కతలుపులపై ఉన్న డెకాల్ కంటె, ఆకాశానికి అభిముఖంగా ఉండే బానెట్, పైకప్పుల మీది డెకాల్ త్వరగా వెలిసిపోతుంది.

రూపకల్పన

పొడవు దిశలో సాగే చార కారును మరింత పొడవుగా, అడుగుభాగంలో ఉండే చార కారును మరింత క్రిందికి ఉన్నట్లుగా చూపుతాయి. చార కారు యొక్క సహజమైన వంపును అనుసరిస్తే ఆ వంపు స్ఫుటమవుతుంది. దానికి అడ్డంగా పోతే రూపం చెదరినట్లు కనిపిస్తుంది. ఈ రెండవ గుణాన్నే కార్ల కంపెనీలు ఉపయోగించుకుంటాయి. విడుదల కాని కొత్త నమూనాలను రోడ్డుపై పరీక్షించేటప్పుడు, వాటి ఆకారం తెలియకుండా, నలుపు తెలుపు సుడుల డెకాళ్ళతో కప్పుతాయి.

జంట చారలకు కొలత కారు మధ్యరేఖ నుండి తీసుకోవాలి. బానెట్ అంచు, అద్దం అంచు వంటి వాటిని ఆధారం చేసుకుంటే పొరపాట్లు రావచ్చును. బానెట్, పైకప్పు, డిక్కీ వేరువేరు భాగాలు గనుక ఒకదానిపై చార అర అంగుళం ప్రక్కకు జరిగినా దూరం నుండి తెలిసిపోతుంది. ముందుగా కాగితపు టేపుతో చారల అంచులను గుర్తించి, పది మీటర్ల దూరం నుండి పరిశీలించడం మంచిది.

అంటించే విధానం

1. కారును సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. మైనం, నూనె, తారు మరకలు లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. కొత్తగా రంగు వేయించిన కారయితే రంగు పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు ఆగాలి. లేనిచో రంగులోని ద్రావకాలు ఆవిరై డెకాల్ క్రింద బుడగలు కడతాయి.

2. నీడపట్టున, దుమ్ములేని చోట పని చేయాలి. ఎండలో కాలిన లోహంపై జిగురు తాకిన వెంటనే పట్టివేస్తుంది. బాగా చల్లని లోహంపై సరిగా పట్టదు. 20 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా ఉన్న ఉష్ణోగ్రత అనుకూలమైనది.

3. డెకాల్‌ను దాని స్థానంలో టేపుతో నిలిపి, వెనుక కాగితాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, మధ్యనుండి అంచులకు మెత్తని అంచుగల ప్లాస్టిక్ పలకతో ఒత్తాలి. చిన్న డెకాళ్ళకు తక్కువ సబ్బు కలిపిన నీరు చల్లి అంటించే పద్ధతి కూడా ఉంది. అప్పుడు డెకాల్‌ను కొద్దిగా జరిపి సరిచేయవచ్చును.

4. వంపుల వద్ద హీట్ గన్‌తో వేడిచేసి ఒదిగించాలి. అతిగా లాగిన పొర తరువాత అంచుల వద్ద లేచిపోతుంది.

5. కారుపైనే బ్లేడుతో కోయరాదు. బ్లేడు వినైల్‌తోపాటు క్రింది రంగును కూడా కోస్తుంది. ఆ గీత వద్ద నీరుచేరి తుప్పు మొదలవుతుంది. దీనికై లోపల దారం ఉండే ప్రత్యేకమైన టేపులు ఉన్నాయి. దారాన్ని లాగితే పొర తెగుతుంది.

తొలగింపు

డెకాల్‌ను గోరువెచ్చగా వేడిచేసి, కారు ఉపరితలానికి దగ్గరగా, తక్కువ కోణంలో, నెమ్మదిగా లాగాలి. నిట్టనిలువుగా లాగితే బలహీనమైన రంగు దానితోపాటు ఊడిరావచ్చును. తిరిగి రంగు వేసిన కార్లలో ఈ ప్రమాదం ఎక్కువ. కొన్నేళ్ళపాటు ఉంచిన డెకాల్‌ను తీసినప్పుడు దాని ఆకారం నీడవలె మిగిలిపోవడం కద్దు. చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసి, డెకాల్ క్రింది రంగు వెలవకుండా ఉండడమే దీనికి కారణం. కనుక డెకాల్ తాత్కాలికమన్న మాట పూర్తిగా నిజం కాదు.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనంలో చేయదగిన మార్పులకు సంబంధించినది. వాహనం రంగు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. రెండు చారలు అంటించడం వేరు, ర్యాప్‌తో కారు రంగునే మార్చివేయడం వేరు. రెండవ పనికి పూనుకునేవారు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించుకొనడం అవసరం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, ప్రక్క అద్దాల గుండా కనీసం 50 శాతం కాంతి ప్రసరించాలి. నంబరు ప్లేటును, దీపాలను డెకాళ్ళతో కప్పరాదు. బంపరు వెనుక రాడార్ ఉండే ఆధునిక కార్లలో లోహపు పొడి కలిసిన పొరలు దాని పనికి ఆటంకం కలిగించవచ్చును.

అసలు, అనుకరణ

మామూలు మస్టాంగ్‌కు నీలి చారలు అంటిస్తే అది చూపులకు జీటీ350 అవుతుంది. అభిమానంతో చేసినంతవరకు ఇందులో దోషం లేదు. కాని పాత కార్ల అమ్మకాలలో అసలు కారుకూ, అనుకరణకూ ధరలో పెద్ద అంతరం ఉంటుంది గనుక చారను చూసి నమ్మినవారు నష్టపోతారు. పైన చెప్పినట్లు, అసలు జీటీ350 కార్లలోనే కొన్నిటికి మొదట జంట చారలు లేవు. తరువాత సొంతదారులు వేయించుకున్నారు. అందుచేత చార ఉన్నంత మాత్రాన అసలైనదని గాని, లేనంత మాత్రాన కాదని గాని నిర్ణయించడానికి వీలులేదు. కారు చరిత్రను తేల్చేవి దాని షాసీ సంఖ్య, తయారీదారుని పత్రాలు మాత్రమే. డెకాల్ తెలిపేది ఆ కారు ఎక్కడ పరుగెత్తిందనే సంగతి కాదు, దాని సొంతదారునికి ఏ పరుగు నచ్చిందనే సంగతి.